రెండు చుక్కల మధ్య

పిల్లల్ని తూచడం కన్నా, ఆ బరువును ఎదుగుదల కార్డు మీద సరైన చోట చుక్కగా పెట్టడం కష్టం. సూరత్ లింబాయత్‌లో, తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాల మధ్య ఆ పనిలో నేనూ ఓ చెయ్యి వేస్తుంటాను. కార్డు మీది పటంలో ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలుంటాయి. చుక్క ఆకుపచ్చలో పడిందంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నాకు అనుమానం మొదలయ్యేది అక్కడే.

ఒక లెక్క చూడండి. ఏడాది నిండిన ఆడపిల్లకు నడిగీత 8.9 కిలోలు. 7 కిలోల కిందికి దిగితే పసుపు. ఒక పాప 6.9 ఉందనుకుందాం, పసుపే. కానీ ఆరో నెలలోనూ 5.6 ఉంది, అప్పటి హద్దు 5.7. పుట్టుకతోనే చిన్నదేమో, తన దారిన తాను పెరుగుతోంది. ఇంకో పాప 7.2, ఆకుపచ్చే. ఆరో నెలలో ఆమె బరువు 7.3, సరిగ్గా నడిగీత మీద. అంటే ఆరు నెలల్లో పెరగకపోగా నూరు గ్రాములు తగ్గింది! మొదటి పాపను వదిలేయమని కాదు గానీ, డాక్టరు దగ్గరికి ముందు పరుగెత్తాల్సింది ఈ రెండో పాపతో.

ఈ గీతలు 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చినవి. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలతో పాటు మన దక్షిణ ఢిల్లీ పిల్లల్నీ కొలిచారు. అందరూ తల్లిపాలు తాగి, వసతిగా పెరిగినవాళ్లే. అలాంటి పిల్లల్లోనూ నూటికి ఇద్దరు ఆ పసుపు హద్దు కింద ఉంటారు. అందుకని ఒక్క చుక్కతో జబ్బని తేల్చలేం, లేదనీ చెప్పలేం.

ఎత్తుది ఇంకో తిరకాసు. రెండేళ్ల లోపు పడుకోబెట్టి, ఆపైన నిలబెట్టి కొలవాలి. పద్ధతి మారితే 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అది తెలియకపోతే పిల్ల ఎదగడం ఆగిందని హడలిపోతాం. నిజంగానే ఆగితే మాత్రం తిండి ఒక్కటే కాదు, థైరాయిడ్ దాకా చూడాలి.

ఇక్కడి పిల్లల గీతలు తెగేది ఊరి ప్రయాణాలతో. "ఊరికి పోయొచ్చినప్పటి సంది సరిగ తింటలేదు సారూ" అంటుంది తల్లి. ఎన్నాళ్లున్నారు, అక్కడ తూచారా? కార్డు సూరత్‌లోనే ఉండిపోయింది, ఆ నెలలన్నీ ఖాళీ. గుజరాతీ అంకెలు మన ఊరి అంగన్‌వాడీ టీచరుకు ఏం అర్థమవుతాయని తీసుకెళ్లలేదట. ఆ మాటా నిజమే. అప్పటి నుంచి చుక్క పక్కన బరువు, తారీఖు మామూలు అంకెల్లో కూడా రాస్తున్నాను.