చెమ్మ ఎప్పుడు దిగుతోంది?

కింది ఫ్లాట్ సీలింగ్ మీద చెమ్మ మరక కనబడగానే మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ముందు తగాదా మొదలవుతుంది, తర్వాత టైల్స్ పగులుతాయి. ఈ రెండింటికీ ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నీళ్లు ఎప్పుడు కారుతున్నాయి?

రాత్రీ పగలూ దిగుతుంటే, గోడలో ఎప్పుడూ ప్రెషర్‌తో ఉండే పైపు మీద అనుమానం. బాత్రూమ్ వాల్వు కట్టేసి ఒకట్రెండు రోజులు చూస్తే తేలిపోతుంది. షవర్ విప్పినప్పుడే కారుతుంటే, మిక్సర్ నుంచి షవర్‌కి పైకెళ్లే పైపుని చూడాలి. డైవర్టర్ తిప్పితే గానీ ఆ ముక్కలోకి నీళ్లు ఎక్కవు. బాత్రూమ్ వాల్వు కట్టేసి, వంటింట్లోంచి బకెట్టుతో నీళ్లు మోసుకొచ్చి పోసినా కింద చెమ్మ వస్తోందా? కుళాయిలకి నీళ్లొచ్చే పైపుల తప్పేం లేదు. ఆ నీళ్లు నేరుగా నేలలోని నహానీ ట్రాప్‌లో పోసి ఒకసారి, గోడ మీద చల్లి ఒకసారి చూడండి. పైసా ఖర్చులేని పరీక్ష. సుత్తి పట్టుకుని వచ్చేవాళ్లు మాత్రం దీన్ని చెప్పరు.

గోడ మీద చల్లినప్పుడే చెమ్మ వస్తే, నా అనుమానం ఎప్పుడూ కుళాయి వెనక మెరిసే ఆ గుండ్రటి ప్లేటు మీదే. దాని చాటున టైల్‌కి కొట్టిన రంధ్రాన్ని పూడ్చకుండా వదిలేస్తారు. స్నానం నీళ్లు గోడ మీద జారి అందులోకి దూరతాయి. కొందరు వైట్ సిమెంట్ కుక్కుతారు. కుళాయి తిప్పినప్పుడల్లా కదిలి అది పగులుతుంది. సిలికాన్ అయితే సాగుతుంది, కానీ తడి గోడకి అంటదు. పూశాక ఒక రోజు అక్కడ స్నానం బంద్. ప్లేటు అడుగున మాత్రం కాస్త సందు ఉంచాలి. లోపలి జాయింటు కారితే ఆ నీళ్లు బయటికొచ్చి కబురు చెబుతాయి.

జాయింటుకి చుట్టే తెల్ల టేపు టెఫ్లాన్. మర బిగిసే వైపే చుట్టాలి. బిగించాక షవర్ రాడ్డు వంకరగా ఉందని కాస్త వెనక్కి తిప్పారా, ఊడదీసి మళ్లీ టేపు చుట్టాల్సిందే. చాలామంది తిప్పి ఊరుకుంటారు.

ఇక చుక్క కుళాయి మూతి నుంచే పడుతుంటే గోడ జోలికి పోనక్కర్లేదు. పాత రకానికి వాషరు, పావు చుట్టు తిరిగే రకానికి కార్ట్రిడ్జ్ మారిస్తే చాలు. బోరు నీళ్ల సున్నం పేరుకుని ఉంటే, వెనిగర్‌లో నానబెట్టి కడిగితే ఒక్కోసారి పాతదే పనికొస్తుంది. కొత్తది కొనడానికి వెళ్తే పాతదాన్ని జేబులో వేసుకెళ్లండి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, పైన హ్యాండిల్ కూర్చునే పళ్ల లెక్కలో తేడా వస్తుంది.