తొంభై కిలోల మనిషి

సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే అమ్మేవాడి కంటే ముందు ఇంజన్‌ని పలకరించాలి. అంటే దాని మీద చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటే సంతోషం. వెచ్చగా ఉందంటే మనం రాకముందే ఆ పెద్దమనిషి దాన్ని స్టార్ట్ చేసి, కాసేపు తిప్పి, సిద్ధం చేసి పెట్టాడన్నమాట. చలిలో మొరాయించే ఇంజన్ కూడా ఒకసారి వేడెక్కాక పెళ్లిచూపుల్లో కూర్చున్న పెళ్లికొడుకులా బుద్ధిమంతుడైపోతుంది.

ఈ పాఠం నాకు కొన్నేళ్ల కిందట, ఒక శనివారం పొద్దున, మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక గరాజ్ ముందు దొరికింది. చెప్పినవాడు మా వీధి చివర ఉండే నెల్లూరు కుర్రాడు, ఇక్కడ లారీల మెకానిక్. నేను మర్యాదకి ఇంటాయనతో వాతావరణం గురించి మాట్లాడుతుంటే, వాడు వెళ్లి సిలిండర్ పక్కన అరచెయ్యి పెట్టి వెనక్కి తిరిగాడు. "అన్నా, దీనికి ఇప్పుడే కాఫీ తాగించి కూర్చోబెట్టాడు. పోదాం పద" అన్నాడు తెలుగులో. ఇంటాయన ఏమిటన్నాడని అడిగితే, బండి బాగుందంటున్నాడని చెప్పాను.

అసలు నలభై దాటాక నాకీ బండి యావ ఎందుకు పట్టిందో మా ఆవిడకి ఇప్పటికీ అర్థం కాలేదు. నాకూ పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఈ వయసులో మళ్లీ ఎల్ బోర్డు తగిలించుకుని, ఏ బండి కొనొచ్చో ఏది కొనకూడదో సర్కారు చేత చెప్పించుకుని, ఆ గిరి లోపల ఒక పాత బండిని వెతుక్కోవడంలో నేను నేర్చుకున్నది కొంచెం ఉంది. ఈ వారం ఆ కబురు.

ఇండియాలో 18 నిండి గేర్ల బండి లైసెన్సు చేతికొస్తే, 100 సీసీ నడుపుతావా 1000 సీసీ నడుపుతావా అని అడిగే చట్టం లేదు. అడిగేది అమ్మ ఒక్కతే. ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో అలా కుదరదు. ముందు లెర్నర్ పర్మిట్, దానికి తరగతులు, రోడ్డు మీద ఒక పరిశీలన, ఆ తర్వాత పరీక్ష. అన్నీ గట్టెక్కాక కూడా మూడేళ్లు రిస్ట్రిక్టెడ్ లైసెన్సే. ఆ మూడేళ్లూ రక్తంలో మద్యం చుక్క ఉండకూడదు, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, సర్కారు జాబితాలో ఉన్న బండి తప్ప మరోటి తాకకూడదు. ఆ జాబితాలోకి వచ్చేవాటినే ల్యామ్స్ బండ్లంటారు. ఇంజన్ 660 సీసీ మించకూడదు. శక్తి టన్ను బరువుకి 150 కిలోవాట్లు దాటకూడదు.

ఈ లెక్కలో ఒక చిన్న అంకె నన్ను పట్టుకుంది. బరువు లెక్కగట్టేటప్పుడు వీళ్లు బండిని ఒక్కదాన్నే చూడరు. దానికి 90 కిలోలు కలుపుతారు. ఆ 90 నడిపే మనిషి, వాడి హెల్మెట్, జాకెట్, బూట్లతో సహా. నా బరువు 68. తొడుగులన్నీ కలిపితే ఇంకో పది. 78 అయింది. మరి మిగతా 12 కిలోలు ఎవరివి? అప్పటికి నవ్వుకుని వదిలేశాను గానీ, జవాబు లెర్నర్ తరగతి మొదటి రోజే దొరికింది.

నేను బండి నేర్చుకున్నది తెనాలిలో, కాలవ గట్టు మీద, మా మేనమామ బుల్లెట్‌తో. ఎడమ చేతి కింద చిన్న లీవర్ నొక్కి పట్టి, హెడ్‌లైట్ పైనున్న అమ్మీటర్ ముల్లు నడిమికొచ్చేదాకా కిక్‌ని మెల్లగా దించి, అప్పుడు ఒక్క దెబ్బ కొట్టాలి. లెక్క తప్పితే కిక్ తిరిగొచ్చి పిక్క మీద తంతుంది. ఆ పాత బుల్లెట్లకి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. పాతికేళ్ల తర్వాత మెల్‌బోర్న్ శిక్షణ మైదానంలో టీచరమ్మ గబుక్కున ఆగమంటే, నా ఎడమకాలు బ్రేకనుకుని గేరుని తొక్కింది, కుడికాలు ఖాళీగా నిలబడింది. కారణం చెబితే ఆవిడ పడీపడీ నవ్వి, "అయితే నీ కాళ్లకి కూడా చెరో ఎల్ బోర్డు కట్టు" అంది. ఆ 12 కిలోల్లో సగం తేలింది. మనిషి ఒక్కడే బండెక్కడు, తన పాత అలవాట్లని ముందు కూర్చోబెట్టుకుని మరీ ఎక్కుతాడు.

క్రూజరే ఎందుకంటే, కుర్రాళ్ల బండ్ల మీద ముందుకు వంగి కూర్చునే నడుము నాకిప్పుడు లేదు. క్రూజర్ సీటు నేలకి దగ్గర, హ్యాండిల్ మనవైపు వస్తుంది, కాళ్లు ముందుకి చాచుకోవచ్చు. పైగా ఈ జాతి బండ్లు పరుగు కోసం పుట్టినవి కావు. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడే బలంగా లాగుతాయి, శక్తి తక్కువ, బరువెక్కువ. అందుకే ల్యామ్స్ లెక్కలోకి సులువుగా ఇమిడిపోతాయి. యమహా వీస్టార్ 650, కవాసాకి వల్కన్ ఎస్, హోండా రెబల్ 500 ఇవన్నీ జాబితాలో ఉన్నవే. హర్యానాలోని బావల్‌లో తయారైన హార్లే స్ట్రీట్ 500 కూడా ఇక్కడి కొత్తవాళ్ల చేతుల్లో కనబడేది. మన ఎన్‌ఫీల్డ్ 350లు కూడా ఉన్నాయి. ఎక్కడో అమెరికా హైవే కలలు కంటూ వచ్చినవాడికి చివరికి ఇంటి పక్క సరుకే ఎదురవడం వింతగా అనిపించింది. కానీ రోజూ ఫ్రీవే మీద 100లో పోవాల్సిన నాకు 350లోని 20 హార్స్‌పవర్ చాలదనిపించి పక్కన పెట్టాను.

మనసు పడింది వీస్టార్ మీద. వీ ఆకారంలో రెండు సిలిండర్లు, ఒళ్లంతా క్రోమ్, చెయిన్ గోల లేకుండా షాఫ్ట్. బుల్లెట్ కాకపోయినా బుల్లెట్ మేనత్త కొడుకులా ఉంటుంది శబ్దం. కాగితం మీద లెక్క వేశాను. రెబల్ బరువు ఇంచుమించు 190 కిలోలు, శక్తి 34 కిలోవాట్లు. 90 కలిపి లెక్కిస్తే టన్నుకి 120 దాకా వస్తుంది. వీస్టార్ 230 కిలోలు దాటుతుంది, శక్తి 30 కిలోవాట్ల లోపే. లెక్కిస్తే వంద కూడా రాదు. అంటే చట్టం దృష్టిలో వీస్టారే సాధుజంతువు.

ఇదే నెల్లూరు కుర్రాడికి చూపిస్తే, లెక్క వంక చూడకుండా, "ఒకసారి దాని మీద కూర్చుని, ఇంజన్ ఆపి, కాళ్లతో వెనక్కి నెట్టన్నా" అన్నాడు. తర్వాత చూడ్డానికి వెళ్లిన వీస్టార్‌ని అలాగే నెట్టాను. గరాజ్ వాలు పైకి రెండడుగులు కూడా జరగలేదు. అప్పుడర్థమైంది ఈ సూత్రంలోని తిరకాసు. కాగితం మీద బరువు పుణ్యం, పార్కింగ్‌లో అదే పాపం. చట్టం భయపడేది వేగానికి. అది సబబే. కానీ కొత్తవాడి మొదటి ఏడాది కష్టాలు చాలావరకు నడక వేగంలోనే ఉంటాయి. యూటర్న్ మధ్యలో, కంకర పరిచిన చోట, పెట్రోలు బంకు వాలులో. అక్కడ కిలోవాట్లు అడ్డురావు, కిలోలే వస్తాయి.

ఆ తర్వాత వెతుకులాట మారింది. ప్రకటనలో సీసీ, కిలోమీటర్లు చూసే ముందు సీటు ఎత్తు, బరువు చూడసాగాను. తక్కువ కిలోమీటర్లు తిరిగిందని మురిసిపోకూడదని కూడా తెలిసింది. ఒక బండి పదేళ్లలో తొమ్మిది వేలే తిరిగిందట. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ టైర్లు బండితో పాటు పుట్టినవే, అరిగిపోలేదు గానీ అట్టలా బిగుసుకుపోయాయి. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన కాదు, పాత వార్నిష్ వాసన. నిలవ పెట్రోలు కార్బొరేటర్ సన్నటి రంధ్రాల్లో గడ్డకట్టాక, తిరగని బండే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. పచ్చడిలా బండి జాడీలో పెడితే ఊరదు, పాడవుతుంది.

ఇంకో చోట అద్దంలా మెరుస్తున్న బండి. కుర్రాడు క్రోమ్ వంక చూడనే లేదు. క్లచ్ లీవర్ చివర, హ్యాండిల్ కొస, ఫుట్‌రెస్ట్ అంచు చూశాడు. పడ్డ బండి మొదట నేలని ముద్దాడేది ఆ మూడు చోట్లే. అవి మూడూ ఎడమవైపు మాత్రమే కొత్తవి. ముందు చక్రం గాల్లోకి లేపించి హ్యాండిల్‌ని మెల్లగా ఇటూ అటూ తిప్పితే, సరిగ్గా మధ్యలో టక్కున ఆగింది. మెడ బేరింగులు పోయాయన్నమాట. అమ్మే కుర్రవాడు ఎప్పుడూ పడలేదని ఒట్టేశాడు. మేము వాదించలేదు.

కాగితాల పని మాత్రం ఇక్కడ తేలిక. మన దగ్గర ఆర్సీలో ఫైనాన్స్ ఎంట్రీ చూసి, ఎన్ఓసీ కోసం తిరిగినట్టు తిరగక్కర్లేదు. బండి మెడ మీద కొట్టిన నెంబరుని పర్సనల్ ప్రాపర్టీ సెక్యూరిటీస్ రిజిస్టర్‌లో వేసి, 2 డాలర్లు కడితే, అప్పు ఉందా, దొంగ సొత్తా, ఎప్పుడైనా ప్రమాదంలో తుక్కు కింద రాసేశారా అన్నీ చెబుతుంది. రిజిస్ట్రేషన్‌తో అమ్మేవాడు రోడ్‌వర్తీ పత్రం ఇవ్వాలి, అది 30 రోజుల లోపుదై ఉండాలి. కానీ ఆ పత్రం చెప్పేది బండి ఆ రోజు రోడ్డుకి తగినదనే. దాన్ని ఇన్నాళ్లూ ఎలా చూసుకున్నారన్నది ఇనుమునే అడగాలి.

చివరికి కొన్నది రెబల్. అమ్మినావిడ నర్సు. ఇంజన్ చల్లగా ఉంది. చెయిన్‌కి నూనె ఉంది, పళ్లచక్రం పళ్లు కొక్కేల్లా వంగలేదు. సర్వీసు పుస్తకంతో పాటు పెట్రోలు పోయించిన ప్రతిసారీ రాసుకున్న చిన్న డైరీ కూడా ఇచ్చింది. 690 మిల్లీమీటర్ల సీటు మీద కూర్చుంటే రెండు అరికాళ్లూ పూర్తిగా నేలకి ఆనాయి. కాళ్లతో వెనక్కి నెడితే కదిలింది. శబ్దం మాత్రం బుల్లెట్‌కి ఏమీ కాదు, మిక్సీకి దూరపు చుట్టం. ఇంటికి తెచ్చాక మా ఆవిడ వెనక సీటు చూసి, "ఇది సీటా, పీటా?" అంది. మూడేళ్లదాకా నీకా బెంగ లేదన్నాను.

ఆ బండిని నేను ఒక్కసారే పడేశాను, మా ఇంటి వాకిట్లోనే, ఇంజన్ ఆపి ఉండగా. స్టాండు పూర్తిగా దిగిందో లేదో చూడకుండా, తెనాలిలో బుల్లెట్ దిగినట్టు దర్జాగా కాలు తిప్పి దిగాను. ఎడమవైపు వాలితే ఆపలేకపోయాను. 190 కిలోలే కాబట్టి నేనొక్కడినే లేపుకోగలిగాను. కిటికీలోంచి చూస్తున్న మా ఆవిడ కర్టెన్ వేసేసింది. ఆ రోజు మిగతా ఆరు కిలోలు కూడా లెక్క తేలాయి. అది దర్జా బరువు.

మూడేళ్లు గడిచాయి. గత నెల రిస్ట్రిక్షన్ తీరింది. ఇప్పుడు ఏ బండైనా నడపొచ్చు. అయినా చూసి పెట్టుకున్నది ఒక సెకండ్ హ్యాండ్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650. అదీ ల్యామ్స్ జాబితాలోదే. 241 కిలోలని తెలుసు. వెనక మాత్రం మనిషి కూర్చునే సీటు ఉంది. ఎంపిక నాది కాదు.

రెబల్‌ని అమ్మకానికి పెట్టిన రెండో రోజే ఒక అమ్మాయి వచ్చింది, పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. పక్కన వాళ్ల నాన్న. ఆయన నాతో వాతావరణం గురించి మొదలుపెట్టాడు. ఆ పిల్ల మా ఇద్దరినీ వదిలేసి నేరుగా వెళ్లి ఇంజన్ మీద చెయ్యి పెట్టింది. నేను రాత్రి నుంచీ దాని జోలికి పోలేదు. తర్వాత వంగి ఎడమవైపు హ్యాండిల్ కొస చూసి, "ఇదెలా అయింది?" అంది.

ఆ గీతకి రంగు వేయించలేదు, ఆ కొసని మార్పించలేదు. స్టాండు సంగతి, కర్టెన్ సంగతి, అంతా చెప్పాను. వాళ్ల నాన్న నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. స్టాండుని కాలితో పూర్తిగా కిందికి నొక్కి, గట్టిగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు ఎక్కి కూర్చుంది.