జ్వరము దిగిన మరునాడు

జలుబుతోను దగ్గుతోను నాలుగు నాళ్ళు మూలిగిన బిడ్డ, జ్వరము దిగి, గంజి త్రాగి నిద్రించిన రాత్రి గడచి తెల్లవారునప్పటికి మంచము దిగనొల్లక, దింపినచో మడమను నేల కానింపలేక, మునివ్రేళ్ళపై కొయ్యబొమ్మవలె నడచుచు ఏడ్చునేని, ఇంటివారి మనస్సున మెదలు మాట యొక్కటే: కాలు పడిపోయినది. సహజ పోలియో వైరస్ 2011తోనే మనదేశమును విడిచినను, దాని భయము పల్లెలను విడువలేదు.

ధర్మవరమున గుంటమగ్గమే ఆధారముగా బ్రతుకు ఇంటి ఏడేండ్ల పిల్లవానిని, వాని అవ్వ రైలులో హిందూపురమున వైద్యము చేయు నాయొద్దకు చంకనెత్తికొని తెచ్చెను. "జరం దిగిపాయెనని నిమ్మళంగా ఉంటిమి సామీ, తెల్లారి చూస్తే బిడ్డ కాలు కింద పెట్టల్యాకుండాడు" అన్నది. నేను వెంటనే చేయి వేయలేదు. బల్ల పట్టుకొని నడవమంటిని. పిదప రెండు పిక్కలను మెల్లగా నొక్కగా కెవ్వుమనెను. తొడలను నొక్కిన ఊరకుండెను. నొప్పికి బెదరి నడవడే గాని, పడుకొని కాళ్ళు తన్నుటకు బలమున్నది. చిన్నసుత్తితో మోకాటి క్రిందను మడమ వెనుకను తట్టగా పాదము రెండు వైపులను చక్కగా ఎగిరెను. గిలాన్-బారే వ్యాధియైనచో సత్తువ పాదములనుండి పైకి క్రమముగా సన్నగిల్లును, ఆ ఎగురుపాటు అణగారును. వీనికి వచ్చినది అది కాదు, పిక్కల కండరముల వాపు, అనగా కండరశోథ.

1957లో స్వీడన్ వైద్యుడు లుండ్‌బెర్గ్ వర్ణించిన ఈ కండరశోథ ఇన్‌ఫ్లుయెంజా, ముఖ్యముగా బి రకము, వెంబడి వచ్చునది, మగపిల్లలలో హెచ్చు. రక్తపరీక్షలో సి.కె. అను కండరపు ఎంజైము పలురెట్లు పెరిగియుండును. ఆ అంకె కంటె మూత్రపు రంగునే నేను పదేపదే అడుగుదును. అది డికాక్షనువలె నల్లబడినచో కండరము కరగి మూత్రపిండములకు ముప్పు తెచ్చుచున్నదని శంకింపవలెను, ఆలస్యము కూడదు. లేనిచో విశ్రాంతి, నీళ్ళు, పారాసెటమాల్ చాలును, యాస్పిరిన్ వలదు.

ఇంత ధీమాగా వ్రాయుచున్నాను గాని, యౌవనమున పెనుకొండలో, సుత్తి ఇంట మరచి, ఇట్టి బిడ్డనే పక్షవాతమని తలచి రాత్రికి రాత్రి బెంగుళూరునకు పంపితిని. మూడవనాడు వాడు రైలు దిగి తండ్రికి ముందుగా పరుగెత్తుకొని వచ్చెను. తండ్రి చేసిన అప్పు మాత్రము అంత వేగముగా తీరలేదు.

"సూది వేయవా సామీ?" అని అవ్వ అడిగినది. వలదంటిని, నమ్మలేదు. నాలుగవనాడు ఫోనులో, పిల్లవాడు మగ్గపు గుంటలో దిగి చెక్కలు త్రొక్కి పోగులు చిక్కుపరచినాడని నామీదనే కసరుకొనెను.