అమర్ చిత్ర కథ – వయోజన పాఠకుని ద్వైధీభావం: శ్రీకాళహస్తి కలంకారీ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కౌమారంలో ఇష్టంగా చదివిన బొమ్మల కథలను పెద్దయ్యాక మళ్ళీ చదివే పాఠకునికి ఆనందం, ఇబ్బంది రెండూ కలుగుతాయి. ఈ ద్వైధీభావాన్ని వయసు తెచ్చిన మార్పుగా మాత్రమే చూడటం సరిపోదు. ఆ కథల నిర్మాణంలో, ముఖ్యంగా బొమ్మపై కథన వాక్యం చెలాయించే అధికారంలో దాని మూలం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు శ్రీకాళహస్తి కలంకారీలోని బొమ్మ–రాతల సంబంధాన్ని పోలికగా తీసుకుంటుంది.

కీలక పదాలు: అమర్ చిత్ర కథ, కౌమార పాఠకులు, అనువాదం, కలంకారీ, చిత్తూరు మాండలికం.

1. ప్రవేశిక

అనంత్ పాయ్ (1929–2011) సంపాదకత్వంలో ‘అమర్ చిత్ర కథ’ 1967లో మొదలైంది. ఇండియా బుక్ హౌస్ ప్రచురించిన ఈ మాలలో నాలుగు వందలకు పైగా శీర్షికలు వచ్చాయి. తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లోకి అవి అనువాదమయ్యాయి. దూరదర్శన్ ప్రశ్నల పోటీలో గ్రీకు పురాణాల గురించి చెప్పగలిగిన విద్యార్థులు రాముని తల్లి పేరు చెప్పలేకపోవడమే ఈ మాలకు ప్రేరణ అని పాయ్ చెప్పేవారు. ఇంట్లో కథ చెప్పే అవ్వ లేని పిల్లలకు ఆ లోటు తీర్చాలన్నది ఆయన సంకల్పం.

ఈ మాలపై నందినీ చంద్ర (2008), కార్లైన్ మెక్‌లెయిన్ (2009), దీపా శ్రీనివాస్ (2010) గ్రంథాలు వెలువరించారు. కులం, స్త్రీ, జాతీయత మొదలైన అంశాలపై ఆంగ్లంలో తగినంత చర్చ జరిగింది. ఆ బొమ్మల కథలను తెలుగులో చదివి పెరిగిన పాఠకుని అనుభవం మాత్రం ప్రత్యేకంగా పరిశీలించదగినది.

2. ఆనందానికి ఆధారం

వయోజన పాఠకుని ఇష్టాన్ని జ్ఞాపకాల మోజుగా కొట్టివేయడం సరికాదు. సాధారణంగా ముప్పై రెండు పుటల్లో ఒక కథను ఆది నుంచి అంతం వరకు నడపడానికి నేర్పు కావాలి. రామ్ వాయీర్కర్, ప్రతాప్ ములిక్ వంటి చిత్రకారుల గీతలో వేగం, ముఖకవళికల్లో స్పష్టత ఉన్నాయి. పద్యం చదవలేని వయసులో పురాణ పాత్రలు పరిచయమయ్యే మార్గాన్ని ఈ పుస్తకాలు తెరిచాయి.

తెనాలి రామకృష్ణుని ఉదాహరణ ఇందుకు తగినది. బొమ్మల కథలో అతడు వికటకవి. కళాశాలకు వచ్చిన విద్యార్థికి ‘పాండురంగ మాహాత్మ్యం’ కర్తగా మరొక రామకృష్ణుడు ఎదురవుతాడు. ఆయనదే అయిన ‘ఘటికాచల మాహాత్మ్యం’లోని క్షేత్రం చిత్తూరుకు పొరుగున, నేటి తమిళనాడులోని షోళింగర్‌లో ఉంది. హాస్యగాడిగా పరిచయమైన పేరు క్షేత్రమాహాత్మ్య కవి దగ్గరకు నడిపిస్తే అది ఆ పుస్తకం చేసిన మేలే. కవిని మరుగుపరచి హాస్యగాడినే మిగిల్చితే అది ఆ పుస్తకం వల్ల కలిగిన నష్టం. ఒకే పుస్తకం రెండు పనులూ చేయగలగడం వల్లనే పాఠకుని తీర్పు ఒక కొలిక్కి రాదు.

3. ఒకే పాఠం, ఒకే ముగింపు

ఇబ్బందికి మొదటి కారణం పాఠాంతరాలు లేకపోవడం. శకుంతల సంచిక కాళిదాసు నాటకాన్ని అనుసరిస్తుంది. దుర్వాసుని శాపం, పోయిన ఉంగరం దుష్యంతుని తప్పును తేలిక చేస్తాయి. నన్నయ ఆదిపర్వంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. దుష్యంతుడు తెలిసే కాదంటాడు. శకుంతల నిండు సభలో నిలిచి, పుత్రునికంటె సత్యం గొప్పదని వాదిస్తుంది. బొమ్మల కథతో పెరిగిన విద్యార్థికి తరగతి గదిలో నన్నయ శకుంతల ఎదురైతే, ఈమెవరో కొత్త మనిషి అనిపించడంలో ఆశ్చర్యం లేదు. కాళిదాసును ఎంచుకోవడం తప్పు కాదు. మరొక కథనం ఉందన్న సూచన కూడా లేకపోవడం లోపం.

నిర్మాణపరంగా ఈ లోపం కథన వాక్యంలో కనిపిస్తుంది. గడికీ గడికీ నడుమ ఉన్న ఖాళీని పాఠకుడే తన ఊహతో పూరించుకుంటాడని స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో వివరించారు. ‘అమర్ చిత్ర కథ’లో బొమ్మ పైభాగాన ఉండే కథన వాక్యం ఆ ఖాళీని ముందే పూరిస్తుంది. ఏం జరిగిందో చెప్పడంతో ఆగక, దాన్ని ఎలా భావించాలో కూడా చెబుతుంది. కౌమారంలో ఈ నిశ్చయం ధైర్యాన్నిస్తుంది, పెద్దయ్యాక ఊపిరాడనివ్వదు.

4. తెలుగు మాట – ప్రాంతపు గొంతు

ఈ మాలలో బొమ్మ ఒక్కటే, భాషలు మారుతాయి. ఆంగ్లంలో ఎవరినైనా ఒకే సర్వనామంతో పిలవవచ్చు. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’లలో ఒకటి ఎంచుకోక తప్పదు. భార్య భర్తను, సేవకుడు రాజును ఎలా సంబోధించాలో అనువాదకుడు నిర్ణయించాలి. పినతండ్రి, మేనమామలకు ఆంగ్లంలో ఒకే మాట ఉన్నచోట తెలుగు బంధుత్వాన్ని తేల్చి చెప్పాలి. ఆ విధంగా ఆంగ్ల పాఠం దాచిన అంతరాలు తెలుగు పాఠంలో బయటపడతాయి. తెలుగు అనువాదాలను విడిగా అధ్యయనం చేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

అయితే ఆ తెలుగు ఏ ఊరిదీ కాదు. తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ‘నాయన’, ‘అవ్వ’ అని పిలుచుకునే పిల్లలకు పుస్తకంలోని పాత్రలు పాఠ్యపుస్తకపు భాషలో మాట్లాడుతూ కనిపిస్తాయి. పురాణ పాత్రకు మాండలికం తగదనే వాదం ఉండవచ్చు. కానీ అవ్వ స్థానాన్ని భర్తీ చేయదలచిన పుస్తకం అవ్వ గొంతును వదిలేయడం గమనార్హం. ఇదే ప్రాంతపు బాల్యాన్ని నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’లో చిత్తూరు మాండలికంలోనే చెప్పి, ఆ గొంతుకు సాహిత్య గౌరవం ఉందని నిరూపించారు.

5. కలంకారీ పోలిక

బొమ్మనూ రాతనూ కలిపి కథ చెప్పడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలు పట్టించిన బట్టపై వెదురు కలంతో రామాయణ భారత ఘట్టాలను గీస్తారు. మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ వరుసలుగా చిన్న గడులు, వాటి వెంట తెలుగు అక్షరాలు ఉంటాయి. ఆ రాత ఘట్టాన్ని గుర్తు చేసి ఆగుతుంది. కథ తెలియనివారికి అది చాలదు, పక్కనున్నవారు చెప్పాలి. చెప్పేవారిని బట్టి కథ కొంత మారుతుంది. బొమ్మ మాత్రం దేన్నీ కాదనదు.

రంగుల విషయంలోనూ ఈ పోలిక ఉపకరిస్తుంది. కలంకారీలో దేవతలకు నీలం, స్త్రీలకు పసుపు, అసురులకు ఎరుపు వాడే సంప్రదాయం ఉంది. అదీ ఒక మూసే. కానీ ఎర్రని మనిషి లోకంలో ఎక్కడా ఉండడు కనుక అది సంకేతంగానే నిలుస్తుంది. ‘అమర్ చిత్ర కథ’లో తరచు నాయిక తెల్లగా, అసురుడు నల్లగా కనిపిస్తారు. ఆ ఛాయలు మనుషులవే కనుక సంకేతం పక్షపాతంగా మారుతుంది. తన ఒంటి రంగును ఎప్పుడూ అసురుని వైపే చూసుకున్న పాఠకురాలికి ఈ తేడా వివరించి చెప్పవలసిన పని లేదు.

ఈ పోలికతో కలంకారీని ఆకాశానికెత్తి కామిక్‌ను దించవలసిన అవసరమూ లేదు. కలంకారీ వస్త్రాన్ని బడిసంచిలో వేసుకొని వెళ్ళలేరు. చెప్పేవారు లేని ఇంట్లో అది మౌనంగానే వేలాడుతుంది. ఆ మౌనాన్ని పోగొట్టడానికే బొమ్మల కథ పుట్టింది. కాకపోతే మౌనంతోపాటు ప్రశ్ననూ పోగొట్టింది.

6. ముగింపు

వయోజన పాఠకుని ఇష్టం బొమ్మ నుంచి, ఇబ్బంది చాలావరకు బొమ్మను కట్టడి చేసిన వాక్యం నుంచి పుడుతున్నాయి. కాబట్టి ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన పని లేదు. తెలుగు చదవడమే అరుదవుతున్న ఇళ్ళలో ఈ పుస్తకాలను పిల్లల చేతి నుంచి లాక్కోవడం వివేకం కాదు. అదే పూర్తి కథ అని చేతికివ్వడమూ కాదు. శకుంతల సంచిక పక్కన నన్నయ సభాఘట్టాన్ని ఉంచి, ఏది ఎందుకు మారిందని విద్యార్థినే అడగవచ్చు. కథన వాక్యాన్ని మూసి, బొమ్మను చూసి తన ఊరి మాటలో కథ చెప్పమనవచ్చు. అప్పుడు అవ్వ వదిలి వెళ్ళిన స్థానంలో పుస్తకానికి బదులు ఆ పిల్లవాడే కూర్చుంటాడు.