"మీరేమిట్లు?": అద్దె ఇల్లూ, దాచిన కులమూ

1990ల మొదట్లో వచ్చిన 'చిత్రం! భళారే విచిత్రం!!' చూసి మేమూ నవ్వాం. అద్దె ఇల్లు దొరకని నలుగురు స్నేహితుల్లో ఒకడు ఆడవేషం కడతాడు. అది దాచడానికి పడే పాట్లే హాస్యం. బాబూరావ్ బాగూల్ మరాఠీ కథ 'జెవ్హా మీ జాత్ చోర్లీ హోతీ' (1963)లోనూ దాపరికమే ఉంది. రైల్వే పనికొచ్చిన దళిత యువకుడు కులం దాచి అద్దెకు చేరతాడు. సంగతి తెలియగానే చావుదెబ్బలు తింటాడు. ఒక దాపరికానికి నవ్వు, ఇంకో దాపరికానికి దెబ్బలు. తెలుగు సినిమా విమర్శ ఈ తేడా దగ్గర ఆగాలి.

విశాఖ సంగతి చూద్దాం. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఉక్కునగరంలో క్వార్టరు ఉద్యోగాన్నిబట్టి వస్తుంది. గేటు దాటి గాజువాక వైపు వచ్చి టులెట్ బోర్డు చూసి తలుపు కొట్టాం. అద్దె మాట కంటే ముందు "మీరేమిట్లు?" అన్నారు. ఇంటిపేరు మాత్రం చెప్పి పోర్షన్‌లో దిగాం. ఒకటో తారీకునే అద్దె ఇచ్చాం. గోడకి అంబేడ్కర్ ఫొటో పెట్టిన వారానికి, మా వంతు వచ్చేసరికి మోటారు ఆగిపోవడం మొదలైంది. తర్వాత "మా తమ్ముడు వాళ్ళొస్తున్నారు, ఖాళీ చెయ్యండి" అన్నారు. తమ్ముడు రాలేదు. టులెట్ బోర్డు మళ్ళీ వేలాడింది.

1960 నాటి అద్దె చట్టం ఖాళీ చేయించడానికి ఒప్పుకున్న కారణాల్లో సొంత అవసరం ఒకటి. కులం ఆ ముసుగులోనే తిరుగుతుంది. అంటరానితనం పేరిట నివాసానికి అడ్డుపడడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. బాధితులు షెడ్యూల్డు కులాలవారైతే, కాదని రుజువయ్యేదాకా కారణం అంటరానితనమేనని కోర్టు భావించాలని 12వ సెక్షన్ చెబుతుంది. కాని అసలు అడ్డుపడ్డారని సాక్ష్యం చెప్పేదెవరు? పక్క పోర్షన్‌ వాళ్ళా? వాళ్ళూ అద్దెవాళ్ళే! 2021 మాదిరి అద్దె చట్టం అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది. కులం ఊసెత్తలేదు.

మాకు పోయింది సున్నాల పేరిట కోసుకున్న అడ్వాన్సూ, సామాన్ల ఆటో కిరాయే కాదు. "ఈసారి ఫొటో పెట్టెలోనే ఉంచుదామా?" అంది అమ్మ. బాగూల్ కథ మాకు అప్పుడర్థమైంది. కులం దాచినవాణ్ణి తప్పుపట్టే ముందు, దాస్తేగాని తలుపు తియ్యని ఇంటిని ప్రశ్నించాలి.

ఆ తర్వాత మేమెవరిమో ముందే చెప్పి ఇల్లడిగాం. దొరకడానికి చాలా రోజులు పట్టింది. ఫొటో మాత్రం గోడమీదే ఉంది.