ఏడుపు తీసేసిన చోట

డార్క్ ఆంబియెంట్ అనే ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్లలో చాలామంది, భయం పుట్టాలంటే ఏదో ఒకటి కలపాలనుకుంటారు. గరగరలు, ఉరుములు, ఇనుప తలుపుల మోత. కోల్‌కతాలో కూర్చుని ఈ పని చేస్తున్న నాకు మాత్రం పాఠం చెప్పింది ఈ ఊరి సినిమాయే. సింథసైజరు ఊసే లేని 1955 నాటి ‘పథేర్ పాంచాలీ’.

అందులో హరిహర్ చాన్నాళ్లకు ఇంటికొస్తాడు. కూతురు దుర్గ పోయిన సంగతి తెలీదు. ఆమె కోసం తెచ్చిన చీర తీసి భార్యకు చూపిస్తాడు. సర్వజయ ఆ చీర పట్టుకుని కుప్పకూలిపోతుంది. నోరు తెరిచి బావురుమంటుంది, ఆ ఏడుపు మాత్రం మనకు వినపడదు. దర్శకుడు సత్యజిత్ రే ఆ గొంతు తీసేసి, దక్షిణామోహన్ ఠాకూర్ వాయించిన తార్ షెహనాయి పెట్టారు. కమానుతో వాయించే ఎస్రాజ్‌కి గ్రామఫోన్ కొమ్ములాంటిది తగిలించిన వాద్యం అది. పట్‌దీప్ రాగం పైస్థాయిలో చెవిని కోసుకుంటూ పోతుంది. తెర మీద నోరుంది, గొంతు లేదు. ఆ గొంతును ఎవరికివాళ్లే లోపల వినాలి. ఐదేళ్లకు ఋత్విక్ ఘటక్ ‘మేఘే ఢాకా తారా’ సినిమాలో ఇందుకు ఎదురు దారి పట్టి, తెర మీద లేని కొరడా దెబ్బ వినిపించారు. అదీ గొప్పదే. నన్ను వెంటాడేది మాత్రం రే తీసేసిన ఏడుపే.

మరి తీసేసిన చోట ఏం మిగలాలి? కంప్యూటర్‌లో ఉత్త సున్నా పెడితే వినేవాళ్లు హెడ్‌ఫోన్ వైరు తడుముకుంటారు. పాట ఆగిపోయిందనుకుంటారు. సినిమావాళ్లు షూటింగు చోట అందరినీ కదలకుండా నిలబెట్టి రూమ్ టోన్ అనే ఆ చోటి నిశ్శబ్దపు చప్పుడు రికార్డు చేసుకునేది ఇందుకే. ఉత్తర కోల్‌కతాలోని ఓ పాత ఇంట్లో అర్ధరాత్రి పట్టుకున్న రూమ్ టోన్ నా దగ్గరుంది. ఫ్యాను కట్టేసి ఉంది, మనుషుల అలికిడి లేదు. 50 హెర్ట్జ్ దగ్గర కరెంటు గుయ్యిమంటోంది, దాని మీద 100 దగ్గరా 200 దగ్గరా సన్నటి పోగులు. ఫిల్టరు పెట్టి కడిగేయొచ్చు. కడగను. దాన్ని వినీవినపడకుండా ఉంచి, పైన ఒక్క గంట కొట్టి, రివర్బ్ అనే ప్రతిధ్వని తోక పూర్తిగా అరిగిపోయేదాకా మరో శబ్దాన్ని రానివ్వను. తోక ఎంత సాగితే వినేవాళ్ల తలలో గది అంత పెద్దదవుతుంది. డార్క్ ఆంబియెంట్ చేసే లస్ట్‌మోర్డ్ 1990 నాటి ‘హెరెసీ’ ఆల్బం కోసం గుహల్లో, సమాధి గదుల్లో రికార్డు చేశాడంటే ఎందుకో అర్థమవుతుంది. ఫోను స్పీకరులో ఇదంతా దండగే. 50 హెర్ట్జ్ అందులో పలకదు.

ఇప్పుడు చేస్తున్న పాటకు కొలత మెట్రో ఇచ్చింది. 2024 మార్చిలో ఎస్‌ప్లనేడ్, హౌరా మైదాన్ మధ్య మొదలైన రైలు హుగ్లీ కింద 520 మీటర్ల సొరంగాన్ని దాదాపు 45 సెకన్లలో దాటేస్తుంది. నెత్తిమీద అంత నది ఉందని తెలుసు. దాని చప్పుడు ఒక్క బొట్టు కూడా చెవిన పడదు. పాట నడుమ ఖాళీకి అంతే నిడివి పెట్టాను. విన్న మిత్రులు సగానికి కోసేయమంటున్నారు. కోసేది లేదు.