నూనె మోసే బరువు

మా బావకు దమ్మపేట దాటాక పామాయిల్ తోట ఉంది. వేంసూరులో బయల్దేరి సత్తుపల్లి మీదుగా పోతే, తారురోడ్డు అయిపోయాక ఇంకో మూడు కిలోమీటర్లు మట్టిబాట. ఎండాకాలం ఆ బాటలో స్కూటర్ కూడా పోతుంది. తొలకరి పడిందంటే మాత్రం గెలలు మోసే ట్రాక్టర్లు రెండు పక్కలా లోతు చాళ్లు తీస్తాయి, నడిమధ్య గట్టు మిగులుతుంది. కారు చక్రాలు చాళ్లలోకి దిగగానే ఆ గట్టు కడుపుకు తగిలి బండి కూలబడుతుంది. మా అక్క రెండుసార్లు ఆ బురదలో దిగి నడిచింది. ఒకసారి చంకలో మనవరాలు కూడా ఉంది.

అందుకే బావ రెండేళ్ల కిందట హైదరాబాదులో ఎవరో వాడిన టయోటా ల్యాండ్ క్రూయిజర్ కొన్నాడు. 1998లో మొదలైన 100 సిరీస్ బండి అది. లోపల తోలు సీట్లు, కింద రెండున్నర టన్నులకు దగ్గర బరువు. గేరు దగ్గర ఒక బటన్ ఉంటుంది. నొక్కితే బండి ఏనుగు లేచినట్టు మెల్లగా లేస్తుంది. ఇంకోవైపు నొక్కితే ముసలివాళ్లు ఎక్కడానికి వీలుగా వంగుతుంది. మామూలు ఎత్తు మీద పైకి సుమారు రెండు అంగుళాలు. అయితే కాస్త వేగం అందుకోగానే తనంతట తానే మామూలు ఎత్తుకు దిగిపోతుంది. కంపెనీ వాళ్లు అలా పెట్టింది బండి మలుపుల్లో తూలకుండా ఉండాలని.

బావకు ఆ దిగిపోవడం నచ్చలేదు. ఎప్పుడూ లేచే ఉండాలి, కింద పెద్ద టైర్లు ఉండాలి. పట్నంలో ఒక షాపుకు ఇచ్చాడు. పొద్దున ఇస్తే సాయంత్రానికల్లా చేసిచ్చారు. చూడటానికి బండి గుర్రంలా ఉంది. వారం తిరిగేసరికి రోగాలన్నీ బయటపడ్డాయి. చిన్న గుంతకే నడుము అదిరేది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకునేది. పంపు మాటిమాటికీ మూలిగేది. ముందు చక్రాల దగ్గర యాక్సిల్ రబ్బరు బూటు ఒకటి చిరిగి గ్రీజు కారింది. తోటకు పోయి వచ్చిన రోజు అక్క పడుకుంటే లేవలేకపోయేది.

అప్పుడు తీసుకెళ్లాం సత్తుపల్లి మేస్త్రీ దగ్గరికి.

ఆయన గురించి కొంత చెప్పాలి. సత్తుపల్లి అంటే ఇప్పుడు బొగ్గు ఊరు. సింగరేణి వాళ్ల జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ గని ఊరికి ఆనుకునే ఉంటుంది. జేవీఆర్ అంటే జలగం వెంగళరావు. 1962 నుంచి వరసగా మూడు ఎన్నికల్లో మా వేంసూరు నియోజకవర్గం నుంచే గెలిచి, 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన మనిషి. ఆ నియోజకవర్గం పేరు తర్వాత సత్తుపల్లిగా మారింది, ఆయన పేరు గనికి మిగిలింది. మా మేస్త్రీ గనుల్లో డంపర్ల మీద చాలా ఏళ్లు పనిచేసి వచ్చినవాడు. మనిషికంటే ఎత్తు టైర్లున్న ఆ డంపర్లకు లారీల మాదిరి కమాన్ కట్టలు ఉండవు. లావుపాటి గొట్టాల్లో నూనె, నూనె మీద నైట్రోజన్ గ్యాసు, అంతే. వంద టన్నుల బరువు ఆ గ్యాసు మీద ఊగుతుంది. తోలు సీట్ల ల్యాండ్ క్రూయిజర్ కిందా అదే నూనె, అదే నైట్రోజన్. పట్నం షాపుకు కొత్తగా కనబడిన వస్తువు మా మేస్త్రీకి పాత చుట్టం.

ఆయన మొదట జాకీ పెట్టలేదు. బండిని చదునుగా ఉన్న సిమెంటు నేల మీద పెట్టించి, డీజిలు నిండా కొట్టించి, లోపలి సామానంతా తీయించాడు. ఒక్కో చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి కొలిచి సుద్దముక్కతో నేల మీద రాసుకున్నాడు. నేల నుంచి ఎందుకు కొలవరని అడిగాను.

"నేల నించి కొలిస్తే టైరు కూడా లెక్కలోకి వస్తది బాబూ. అప్పుడు బండి లేచిందో టైరు లేపిందో మనకి తెలవదు."

ఈ ఒక్క మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది. తర్వాత వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్ తగిలించి నూనె ప్రెషర్ అంకెలు చదివాడు. ఈ బండికి ముందువైపు ఉండాల్సింది 6.9 మెగాపాస్కల్, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 70 రెట్లు. మా బావ బండిలో దానికంటే చాలా ఎక్కువ చూపించింది. మేస్త్రీ లేచి, చేతులు తుడుచుకుని, బండి కింద ఒక సన్నటి కడ్డీ చూపించాడు.

అది ఎత్తు చూసే సెన్సరు కడ్డీ. ముందు రెండు, వెనక ఒకటి. బండి ఎంత ఎత్తులో ఉందో కంప్యూటరుకు చెప్పేవి అవే. పట్నం షాపు వాళ్లు చేసిందల్లా ఈ కడ్డీలను జరపడమే. బండి కిందికి ఉందని కంప్యూటరుకు అబద్ధం చెప్పారు. అది నమ్మి నూనె ఎక్కించుకుంటూ పోయింది. బండి లేచింది. కానీ ఈ బండి బరువును నూనె ఒక్కటే మొయ్యదు. ముందు చక్రాలకు మెలితిరిగే ఇనుప కడ్డీలు, టోర్షన్ బార్లు ఉంటాయి. వెనక చుట్టల స్ప్రింగులు ఉంటాయి. చాలా భాగం అవి మోస్తే, మిగిలింది నూనె మోస్తుంది. నూనె బండిని పైకి నెట్టేకొద్దీ స్ప్రింగులు సాగి వదులైపోయి మోయడం తగ్గిస్తాయి. ఆ తగ్గినదంతా నూనె మీద పడుతుంది. నూనె వెనకున్న గోళాల్లో నైట్రోజన్ నలిగిపోతుంది. నలిగిన గ్యాసులో ఊగే గుణం ఉండదు, అందుకే నడుము అదిరింది. పంపు మూలిగింది మోయలేక.

జాగ్రత్త కోసం ఇక్కడ ఒక సంగతి ఆపి చెప్తాను. ఈ రకం బండి కింద దూరేముందు ఎత్తు మార్చే స్విచ్ కట్టేయాలి, చట్రం కింద స్టాండ్లు పెట్టాలి. బండి కిందికి దిగాలని ఆదేశం అందితే కింద మనిషి ఉన్నాడని దానికి తెలియదు. నూనె గొట్టం విప్పేముందు ప్రెషరు వదిలించాలి. 70 రెట్ల ఒత్తిడిలో ఉన్న నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. మేస్త్రీ ఈ మూడూ చేశాకే వాళ్లబ్బాయిని కిందికి పంపాడు.

ఆ రోజు నేను చూసిన పనుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది టోర్షన్ బారు బిగించడం. పెద్ద పానా పెట్టి బోల్టు ఒక్కో చుట్టు తిప్పుతున్నాడు. మామూలు జీపులో ఆ బోల్టు తిప్పితే ముందు భాగం లేస్తుంది. ఇక్కడ తిప్పి, ఇంజను వేసి, బండిని నిలబెడితే ఎత్తు రవ్వంత కూడా మారలేదు. సెన్సరు చెప్పిన ఎత్తులోనే కంప్యూటరు నిలబెట్టింది. మారింది ల్యాప్‌టాప్‌లో అంకె. చుట్టుచుట్టుకూ ప్రెషరు దిగుతూ వచ్చింది. కంటికి కనబడే మార్పు ఏమీ లేదు, లోపల బరువు ఒకరి భుజం నుంచి ఇంకొకరి భుజానికి మారుతోంది. రెండు గంటలు పట్టింది. డబ్బులిచ్చేవాడికి చూపించడానికి ఏమీ కనబడని పనిని అంత ఓపిగ్గా చేసేవాళ్లను నేను తక్కువే చూశాను.

నూనె, గ్యాసు మీద కారును ఊగించే ఈ విద్య కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో సిట్రొయెన్ కంపెనీలో పాల్ మజెస్ అనే ఆయన దీన్ని సాధించాడు. 1955లో డీఎస్ అనే కారు నాలుగు చక్రాల మీదా ఈ పద్ధతితో వచ్చింది. టయోటా దాన్ని స్ప్రింగులతో కలిపి వాడుకుంది. స్ప్రింగు, నూనె పంచుకుని మొయ్యాలన్నది ఈ బండికి ఊపిరి లాంటిది. దాన్ని వదిలేసి ఎత్తు పెంచితే అది పేరుకే ల్యాండ్ క్రూయిజర్.

ఇక పెద్ద టైర్ల సంగతి. కంపెనీ టైరు మీద 275/70ఆర్16 అని ఉంటుంది. లెక్క కడితే దాని వ్యాసం 791 మిల్లీమీటర్లు. బావ వేయించింది 285/75ఆర్16, అంటే 834. తేడా 43 మిల్లీమీటర్లు. అందులో సగమే ఇరుసును లేపుతుంది, అంటే 21 మిల్లీమీటర్ల చిల్లర. మన బొటనవేలి వెడల్పు. ఈ బొటనవేలి కోసం స్పీడు మీటరు 100 చూపిస్తుంటే బండి 105లో పోతుంటుంది. ఇంజనుకు లాగుడు బరువవుతుంది, బ్రేకులకు ఆపడం బరువవుతుంది.

బండి ఎత్తితే సరిపోదా, టైరు ఎందుకు అని మొదట నేనూ అనుకున్నాను. వెనక వైపు కిందికి వేలాడుతున్న డిఫరెన్షియల్ గుండును మేస్త్రీ కాలితో తట్టి చూపించాడు.

"బాడీని ఆకాశానికి లేపినా ఇది లేవదు బాబూ. ఇది లేవాలంటే చక్రమే పెరగాల. గట్టుకి తగిలేది ఇదే."

ఆ మాట వినగానే నాకు మా పెద్దనాన్న ఇంటి ముందు వడ్రంగం గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం మా ఛాతీ దాకా వచ్చేది. నడుమ కుండ, దానికి గుచ్చిన ఆకులు, ఆకుల చివర పూటీలు, వాటి మీద ఇనుప పట్టా. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో పట్టుకొచ్చి చెక్క మీద దించి, నీళ్లు కొట్టేవాళ్లు. పొగ, ఆవిరి, బిగుసుకుంటున్న చెక్క మూలుగు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. చక్రం అంత పెద్దది ఎందుకని అడిగితే పెద్దనాన్న చెప్పింది ఒక్కటే: వాగులో దిగినప్పుడు ఇరుసు రాయికి తగలకూడదు. చక్రం పెంచితే ఎద్దుల మెడమీద కాడి ఎత్తు కూడా సరిచూసుకునేవాళ్లు. నొగలు పైకి లేస్తే బరువు వెనక్కి పడి ఎద్దుల గొంతు బిగుసుకుంటుంది. ఒకచోట ఎత్తితే ఆ బరువు ఎక్కడికి పోతుందో చూడటం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న విద్య.

నిజంగా ఎత్తు కావాల్సిన బండికి ఎలా చెయ్యాలో కూడా మేస్త్రీ చెప్పాడు. ఒక అంగుళం, మహా అయితే ఒకటిన్నర. ముందు టోర్షన్ బార్లు బిగించాలి, వెనక స్ప్రింగుల మీద స్పేసరు వెయ్యాలి లేదా గట్టి స్ప్రింగులు మార్చాలి. సెన్సరు కడ్డీని ముట్టుకోవడం ఆ తర్వాతే. ముందువైపు డిఫరెన్షియల్‌ను కాస్త దించి యాక్సిళ్ల వంపు తగ్గించాలి. తర్వాత అలైన్‌మెంటు. ఆఖరున మళ్లీ ప్రెషరు చదవాలి. ఆస్ట్రేలియాలో ల్యాండ్ క్రూయిజర్లు ఇలా మార్చుకునేవాళ్లు ఎక్కువ. అక్కడ ఎన్ని మిల్లీమీటర్ల దాకా చేసుకోవచ్చో రాసిపెట్టిన నిబంధనలున్నాయి, హద్దు దాటితే ఇంజినీరు ధ్రువపత్రం తేవాలి.

మన దగ్గర చట్టం గట్టిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చిచెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. ఈ సంగతి పట్నం షాపు బావకు చెప్పలేదు. చెప్పాల్సింది.

ఇంకొకటి కూడా ఎవరూ చెప్పలేదు. ఎత్తు బండి ఉంది కదా అని వాగు మీద చప్టా దాటొచ్చనే ధైర్యం వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో మన ఖమ్మంలో మున్నేరు పొంగి ఏం చేసిందో చూశాం. పారే నీరు రెండడుగులుంటే పెద్ద బండ్లను కూడా పక్కకు తోసేస్తుంది. పెద్ద టైరులో గాలి ఎక్కువ, అది బండిని ఇంకా తేలుస్తుంది. ఎత్తు పెంచుకున్న ప్రతి ఒక్కరూ ఇది గుర్తుపెట్టుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

సాయంత్రం మేస్త్రీ బావను అడిగాడు: "తోటకి పోవటానికా బాబూ, ఫొటోలకా?"

తోటకే అన్నాడు బావ. సెన్సరు కడ్డీలను పాత చోటికే తెప్పించాడు. ముందు ప్రెషరు 6.9కి వచ్చేదాకా టోర్షన్ బార్లు బిగించారు. చిరిగిన బూటు మార్చారు. పెద్ద టైర్లు విప్పి, కంపెనీ కొలతలోనే లోతు గాడులున్న టైర్లు వేశారు. పెద్ద టైర్లు అమ్మితే వచ్చిన డబ్బులు పెట్టి, పక్క తోటల వాళ్లతో కలిసి బాటకు మొరం తోలించాం. చాళ్లు పూడాయి, నడుమ గట్టు చదునైంది.

ఈ తొలకరిలో మా అక్క ఒక్కసారి కూడా బండి దిగి నడవలేదు.